ఫ్రీలాన్సు రచయితకు అక్కరకు వచ్చు వెబ్‌సైటు

వికారాబాదు జిల్లా పూడూరు మండలములో నివసించుచు పత్రికలకు వ్యాసములు వ్రాసి నాలుగు రూపాయలు సంపాదించుకొనదలచిన వ్యక్తి వస్తువు కొరకు దూరము పోవలసిన అగత్యము లేదు. హైదరాబాదు నుండి చేవెళ్ల మీదుగా మన్నెగూడకు వచ్చు రహదారికి ఇరుప్రక్కల దశాబ్దములుగా నిలిచియున్న మర్రిచెట్లను రోడ్డు వెడల్పు కొరకు తొలగింపవచ్చునా కూడదా అను వివాదము హరిత ట్రిబ్యునలు వరకు పోయినది. దామగుండము అడవిలో సుమారు 2,900 ఎకరముల నేలమీద, సముద్రగర్భమున తిరుగు జలాంతర్గాములకు సందేశములు పంపుటకై నౌకాదళము తలపెట్టిన రేడియో కేంద్రమునకు 2024 అక్టోబరు 15వ తేదీన శంకుస్థాపన జరిగినది. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ తూర్పుగా హైదరాబాదు వైపు సాగిపోవుచుండగా, వికారాబాదు గుట్టల నీటినే కాగ్నా పడమటకు గొనిపోయి భీమానదిలో కలుపుచున్నది. తాండూరు కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. తాండూరు నాపబండల సంగతి చెప్పనే అక్కరలేదు. వీనిలో ఏ ఒక్కదానిని పట్టుకొన్నను ఆదివారపు సంచికకు సరిపోవు వ్యాసము సిద్ధించును.

అయితే వస్తువు చేతికి అందినంత మాత్రమున వ్యాసము అచ్చెక్కదు. దానిని ఏ పత్రికకు పంపవలెను, ఆ పత్రిక నేటికిని వెలువడుచున్నదా, ఎన్ని పుటలకు మించకుండ వ్రాయవలెను, ఫొటోలు తానే తీసి పంపవలెనా, పంపిన తరువాత ఎన్ని వారములు వేచియుండి మరియొక పత్రికకు పంపుట మర్యాద, అచ్చయిన పిమ్మట పారితోషికము వచ్చునా, వచ్చినచో ఎంత, ఎప్పుడు అను ప్రశ్నలకు సమాధానములు హైదరాబాదులో పత్రికా కార్యాలయముల చుట్టు తిరుగువానికి టీకొట్టు దగ్గరనే, అడుగకుండగనే, దొరకును. పూడూరులో కూర్చుండి వ్రాయువానికి ఎంత అడిగినను దొరకవు. ఇద్దరిలో రెండవవాడే మెరుగైన రచయిత అయియుండవచ్చును, కాని అచ్చులో తరచుగా కనిపించు పేరు మొదటివానిదే అగును. ఫ్రీలాన్సు రచయితల కొరకని చెప్పుకొను ఏ వెబ్‌సైటుకైనను ప్రధాన ప్రయోజనము ఈ వ్యత్యాసమును తొలగించుటయే అని నా అభిప్రాయము. తక్కినవన్నియు దాని తరువాతివి.

ఈ మాట చెప్పుటకు కారణము లేకపోలేదు. రచయితలకు సహాయము చేయుదుమని బయలుదేరిన సైట్లలో అధికభాగము రచన ఎట్లు చేయవలెనో బోధించుటతోనే కాలక్షేపము చేయుచున్నవి. నిత్యము ఇన్ని పదములు వ్రాయుడనియు, తొలి వాక్యముతోనే పాఠకుని కట్టిపడవేయుడనియు, విశేషణములను తగ్గింపుడనియు చెప్పు హితవచనములకు అంతర్జాలములో కొదవ లేదు. అవి అసత్యములని నేననను. కాని వ్రాయుట వ్రాయుటవలనను, అంతకంటె ఎక్కువగా చదువుటవలనను అబ్బు విద్య. ఎన్ని ఏండ్లు చదివినను, ఎంత సాధన చేసినను తమంత తాముగా తెలియరాని సంగతులు వేరుగా ఉన్నవి. పత్రిక మూతపడుట, సంపాదకుడు మారుట, పారితోషికపు రేటు తగ్గుట, చట్టమునకు సవరణ వచ్చుట మొదలైనవి ఆ కోవకు చెందినవి. వీనిని ఎవరో ఒకరు కనుగొని, తేదీ వేసి, చెప్పవలసినదే.

పాశ్చాత్యులు ఈ అవసరమును అంతర్జాలమునకు చాల ముందుగనే గుర్తించిరి. లండనులో రచయితలకును చిత్రకారులకును ఉద్దేశింపబడిన వార్షిక గ్రంథమొకటి 1906 ప్రాంతమున మొదలై నేటికిని ఏటేట వెలువడుచున్నది. అమెరికాలో ‘రైటర్స్ మార్కెట్’ 1921లో ఆరంభమైనది. వీనిలో కవితాతత్త్వ విచారము ఏమియు లేదు. పత్రికల పేర్లు, చిరునామాలు, వారు కోరు రచనల తీరు, చెల్లించు సొమ్ము, సమాధానమునకు పట్టు కాలము మాత్రమే ఉండును. టెలిఫోను డైరెక్టరీ వలె నీరసముగా కనిపించు ఆ పుటలను ఆధారము చేసికొని పల్లెపట్టుల నుండి ఎందరో రచయితలు తమ తొలి రచనలను అమ్ముకొనగలిగిరి. ఏటేట క్రొత్తగా అచ్చువేయుటలోనే ఆ గ్రంథముల విలువ యంతయు ఉన్నది. నిరుటి ప్రతిని నమ్ముకొన్నవాడు మూతపడిన కార్యాలయమునకు కవరు పంపుకొనును.

తెలుగువారి విషయమునకు వచ్చినచో, మన చరిత్ర కొంత విచిత్రముగా నడచినది. రచయితకు కావలసిన సాధన సంపత్తిలో ఒక సగమును మనవారు ఆశ్చర్యము గొలుపునంత శ్రద్ధతో నిర్మించిరి. రెండవ సగమును తాకనే లేదు. నిర్మించిన సగము మాటలకును, గ్రంథములకును సంబంధించినది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ఇరువదవ శతాబ్ది రెండవ దశకములో ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ను సంపుటములుగా వెలువరింప పూనుకొన్నది, తెలుగున వ్రాయువాడు ప్రతి సంగతికిని ఆంగ్ల గ్రంథమును వెదుకవలసిన దైన్యమును తొలగించుటకే గదా. నైజాము రాష్ట్రమున 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డి, తెలంగాణములో కవులు లేరన్న ఆక్షేపణకు వాదముతోగాక జాబితాతో సమాధానము చెప్పి, 354 మంది కవులను 1934లో ‘గోలకొండ కవుల సంచిక’లోనికి ఎక్కించెను. ఊరూరికి ఉత్తరములు వ్రాసి, వచ్చిన వివరములను క్రోడీకరించి, ఒకచోట కూర్చిన ఆ శ్రమను తలచుకొన్నపుడు, నేటి భాషలో చెప్పినచో, అది రచయితల సమాచార కోశమే అనిపించును. దానికి మరల తగిన వారసత్వము ఏర్పడకపోవుట మన దురదృష్టము.

అంతర్జాల యుగములో ఈ మాటల సగము మరింత సుసంపన్నమైనది. ఆంధ్రభారతి సైటులోని నిఘంటు శోధనలో ఒక పదమును వేసినచో, 1852 నాటి బ్రౌను నిఘంటువు, 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము, సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదలుగాగల అనేక కోశములు ఒక్కసారిగా పలుకును. పూర్వము ఇన్ని సంపుటములను ఒకచోట చూడవలెనన్న ఏ పెద్ద గ్రంథాలయమునకో పోవలసి యుండెడిది. వెన్న నాగార్జున 2003 డిసెంబరులో ఆరంభించిన తెలుగు వికీపీడియాలో నేడు తెలుగు రాష్ట్రముల పల్లెలలో దాదాపు ప్రతిదానికిని ఒక పుట కలదు, పూడూరునకును కలదు. దాని సోదరప్రాజెక్టు వికీసోర్సులో కాపీరైటు తీరిన గ్రంథముల పాఠములు చేరుచున్నవి. 1998లో ఆరంభమైన ‘ఈమాట’ పత్రిక, 2009లో మొదలైన ‘పుస్తకం’ సైటు సాహిత్యవిమర్శకును పుస్తక పరిచయములకును పెద్ద నిధులు. ఇవన్నియు ఉద్యోగముల నడుమ తీరిక చేసికొని, జీతము లేకుండ పని చేసినవారి చలువ.

వీని ఉపయోగము ఎట్టిదో తాండూరు కందినే తీసికొని చూతము. పంటను గురించి వ్రాయబూనిన రచయిత రైతు నోట వినిన మాటను వ్రాసికొని ఇంటికి వచ్చును; దాని అర్థము తాననుకొన్నదేనా అను సందేహము కలుగును. వ్యవసాయ, చేనేత వృత్తుల పదములను జిల్లాజిల్లాకు సేకరించి భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962, 1971 సంవత్సరములలో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశములు ఆతనికి అట్టి సమయమున తోడ్పడును. కాని ఆ కోశమొకటి ఉన్నదన్న సంగతియే ఎరుగనివానికి అది ఉన్నను లేనట్టిదే. కనుక మంచి వెబ్‌సైటు క్రొత్త నిఘంటువును తయారుచేయబోదు. ఉన్న నిఘంటువులలో ఏ పనికి ఏది తగినదో, దేనిలో ఏ లోపమున్నదో నాలుగు వాక్యములలో చెప్పి, అచ్చటికి దారి చూపును. వంద లంకెలను గుట్టగా పోసి వివరణ లేకుండ విడిచిపెట్టిన పుటకంటె, పది లంకెలకు పది పేరాల వివేచన వ్రాసిన పుట నూరు రెట్లు మేలు.

లిపి సంగతిని కూడ ఇచ్చటనే చెప్పివేయుదును. తెలుగునకు యూనికోడులో స్థానము 1991లోనే లభించినను, సామాన్యుడు కంప్యూటరులో సులభముగా తెలుగు వ్రాయుటకు 2006లో వీవెన్ రూపొందించిన ‘లేఖిని’ వంటి సాధనములు రావలసివచ్చెను. నేడు ఫోనులో మాట చెప్పినచో అక్షరములు వాటంతట అవే పడుచున్నవి. ఐనను డీటీపీ కేంద్రములును కొన్ని పత్రికలును యూనికోడు కాని పాత ‘అను’ ఫాంటులను విడువలేదు. యూనికోడులో పంపిన వ్యాసము ‘అను’ ఫాంటునకు మారునపుడు వత్తులు తారుమారై, రచయిత కలలోనైన ఊహింపని పదములు అచ్చులో ప్రత్యక్షమగుచుండును. ఏ పత్రిక ఏ రూపమున కోరునో, మార్పిడికి ఏ సాధనము నమ్మదగినదో తెలుపుట చిన్నపనియే. కాని దానిని చేసిన సైటునకు రచయితలు నిత్యము వచ్చిపోవుదురు.

ఇక తాకని సగమును చూతము. తెలుగు పత్రికలకు రచనలు పంపువారికి చిరకాలముగా పరిచితములైన నియమములు కొన్ని ఉన్నవి. రచన స్వంతమనియు, అనువాదముగాని అనుకరణగాని కాదనియు, మరే పత్రిక పరిశీలనలోను లేదనియు హామీపత్రము జతపరుపవలెను. తిరుగుటపాకు తగినన్ని స్టాంపులు అంటించిన కవరు పెట్టవలెను. ఉత్తరప్రత్యుత్తరములకు తావు లేదు. స్టాంపుల కవరు స్థానమున ఈమెయిలు వచ్చినది కాని, ఉత్తరప్రత్యుత్తరములకు తావు లేదన్న మాట మాత్రము చెక్కుచెదరక నిలిచినది. తిరుగుటపా కాలములో తిరస్కారమైనను చేతికి వచ్చెడిది. నేడు మౌనమే తిరస్కారమని రచయిత తనంత తాను గ్రహించుకొనవలెను. ఎన్ని నెలల మౌనము తిరస్కారమగునో ఎవరును చెప్పరు. హామీపత్రము మీద సంతకము చేసినందున ఆ వ్యాసమును మరియొకచోటికి పంపుటకు మనసొప్పదు. ఇంతలో మర్రిచెట్ల వివాదము మీద వ్రాసిన వ్యాసము, వివాదమే మరియొక మలుపు తిరిగినందున, పాతబడిపోవును.

జాబితాల సంగతి మరింత దయనీయము. పత్రికల చిరునామాలని చెప్పి వాట్సాప్‌లో తిరుగుచుండు పట్టికలలో ‘విపుల’, ‘చతుర’ల పేర్లు ఇప్పటికిని కనిపించుచుండును. 1978లో రామోజీరావు ఆరంభించిన ఆ రెండు మాసపత్రికలు ఎందరో కథకులకును నవలాకారులకును నిలువనీడ నిచ్చి, కరోనా దెబ్బ తరువాత ఆగిపోయినవి. వారపత్రికలలోను కొన్ని అదే కాలమున ముద్రణ నిలిపివేసినవి. ఈ సంగతులు పత్రికారంగమున నున్నవారందరికి తెలిసినవే. కాని పట్టికను తయారుచేసినవారు దాని మీద తేదీ వేయలేదు, వేసినను తరువాత దానిని ముట్టలేదు. తేదీ లేని జాబితా అసలు జాబితా లేకుండుటకంటె హానికరము, ఏలయన అది తెలిసినదన్న భ్రమను కలిగించును. కాబట్టి నా లెక్కలో ఉపయోగకరమైన సైటునకు మొదటి గుర్తు అలంకారము కాదు, వేగము కాదు. ప్రతి పత్రిక పేరు క్రింద ఈ వివరమును ఎన్నడు సరిచూచితిమో తెలుపు ఒక చిన్న పంక్తి.

పారితోషికముల విషయమున మనలో ఒక సంకోచము కలదు. సాహిత్యమును డబ్బుతో ముడిపెట్టి మాటలాడుట కొందరికి నామోషీగా తోచును. కాగితమునకు, సిరాకు, టైపునకు, ముద్రణకు, పంపకమునకు బేరమాడి చెల్లించు చోట, వ్రాసినవానికి చెల్లింపవలసిన దానిని మాత్రము గౌరవప్రతి పంపితిమన్న మాటతో సరిపుచ్చుట ఏ సరస్వతికి ప్రీతియో తెలియదు. చెల్లించు పత్రికలు చెల్లించుచునే ఉన్నవి. ఎవరెంత చెల్లించుచున్నారో రచయితలు ఒకరికొకరు చెప్పుకొనకపోవుటవలన, తక్కువ పుచ్చుకొనువాడు అదియే లోకరీతి అనుకొనుచున్నాడు. రచయితలు తమ పేర్లు బయటపెట్టకుండ, ఫలాని సంవత్సరమున ఫలాని పత్రిక ఇన్ని పుటల వ్యాసమునకు ఇంత పంపినదని తెలుపగల ఏర్పాటు ఉన్నచో, ఆ ఒక్క పుట తక్కిన సైటునంతను పోషింపగలదు.

చట్టమును గురించి తెలుగులో సుబోధముగా చెప్పువారు అరుదు. 1957 నాటి కాపీరైటు చట్టము రచయిత పట్ల మనమనుకొనుదానికంటె దయగలది. పత్రికలో జీతమునకు పనిచేయువాడు ఆ పత్రిక కొరకు వ్రాసిన దాని సంగతి వేరు. ఫ్రీలాన్సరు వ్రాసిన దానికి మొదటి హక్కుదారు ఆతడే. ఆ హక్కును ఇతరులకు అప్పగింపవలెనన్నచో, 19వ సెక్షను ప్రకారము, హక్కుదారు సంతకముతో లిఖితపూర్వకమైన పత్రముండవలెను. ఏ హక్కు, ఎంత కాలము, ఏ ప్రాంతమునకు, ఎంత ప్రతిఫలమునకు అన్నవి అందులో ఉండవలెను. కాలము వ్రాయనిచో అప్పగింత ఐదేండ్లకే అని, ప్రాంతము వ్రాయనిచో భారతదేశమునకే పరిమితమని చట్టము భావించును. రచనకు తానే కర్తనని చెప్పుకొను అధికారము, దానిని వికృతపరచినచో అడ్డుకొను అధికారము 57వ సెక్షనువలన, హక్కును అమ్ముకొన్న తరువాతను, రచయితకు మిగిలియుండును. వ్యాసమొకచోట అచ్చయిన పిమ్మట దానినే ఆడియో యాపు వారో మరియొకరో అడిగినపుడు, తనకు ఇచ్చు హక్కు ఉన్నదో లేదో ఎరుగక, ఉచితముగా ఇచ్చివేసిన రచయితలు కొల్లలు.

పాత గ్రంథములనుండి గ్రహించుటకును ఇదే చట్టము దారి చూపును. రచయిత మరణించిన తరువాతి సంవత్సరాది నుండి అరువది ఏండ్లు గడచినచో ఆ రచన అందరిది. సురవరము ప్రతాపరెడ్డి 1953లో దివంగతుడైనందున ఆయన రచనలు 2014 ఆరంభము నుండి సర్వజన సొత్తు అయినవి. ఏ తెలుగు రచయిత గ్రంథములు ఏ సంవత్సరమున ఇట్లు విడుదల అగునో తెలుపు పట్టిక ఒకటి తయారుచేయుట కష్టమైన పనియా? మరణ సంవత్సరమునకు అరువది కలిపి మరియొకటి చేర్చుటయే గదా.

ఆధారముల సేకరణ వేరొక అంశము. జిల్లాలలో ఉండి వ్రాయువానికి ఇదియే ప్రాణము. దామగుండము కేంద్రమును గురించి వ్రాయువాడు, ఇట్టిదే ఒకటి తమిళనాడులో తిరునల్వేలి సమీపమున 1990 నుండి పనిచేయుచున్నదని తెలిసికొన్నచో, ఊహాగానములకు బదులు అచ్చటి అనుభవమును విచారింపవచ్చును. అటవీభూమి మళ్లింపులకు సంబంధించిన దరఖాస్తులు కేంద్ర పర్యావరణ శాఖవారి ‘పరివేష్’ పోర్టలులో ఉండుననియు, వానిని ఎవరైనను చూడవచ్చుననియు ఎరిగిన రచయితకు, ఎరుగని రచయితకు మధ్య దూరము ప్రతిభవలన పూడునది కాదు. సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు చేసికొనుటకు మనకడ గ్రామస్థాయి కార్యాలయమున రుసుమే లేదు, మండలస్థాయిన ఐదు రూపాయలు, ఆపై పది రూపాయలు; సాధారణముగా ముప్పది దినములలో సమాధానమీయవలెను. నమూనా దరఖాస్తు ఒకటి, ప్రశ్నను అధికారి తప్పించుకొనలేని విధముగా ఎట్లు అడుగవలెనో తెలుపు రెండు ఉదాహరణములు సైటులో ఉన్నచో, పూడూరు తహసీలు కార్యాలయము ఎదుటనున్న రచయితకు అవి వంద రచనా పాఠములకంటె విలువైనవి.

మోసముల మాట చెప్పక తప్పదు. అమెరికాలో 1998 నుండి ‘రైటర్ బివేర్’ అనునది రచయితలను దోచు ప్రచురణకర్తల, ఏజెంట్ల కపటములను పేర్లతోసహా బయటపెట్టుచు వచ్చుచున్నది. మనకు అట్టిది కావలసిన కాలము ఎన్నడో వచ్చినది. ఇంటినుండి అనువాదపు పని ఇప్పింతుమని రిజిస్ట్రేషను రుసుము కట్టించుకొని మాయమగువారు కొందరు. కవితా సంకలనములో చోటిత్తుము, ప్రతికి ఇంత చెల్లింపుడనువారు మరికొందరు. వీరికంటె సాధువులు, ఐనను కాలమును హరించువారు, ప్రశంసాపత్రముల వర్తకులు. ఉదయమున చిత్రమును చూపి సాయంత్రమునకు కవిత వ్రాయుమని, వ్రాసిన ప్రతివారికిని రంగురంగుల సర్టిఫికెట్టును ఫోనునకు పంపు సమూహములు ఎన్ని యున్నవో లెక్కలేదు. ఇందులో దోషమేమని అడుగవచ్చును. దోషము లేదు, పారితోషికము కూడ లేదు. జీవనోపాధిగా వ్రాయదలచిన యువకుడు ప్రశంసాపత్రమునకును పారితోషికమునకును భేదము తెలిసికొనునప్పటికి రెండేండ్లు గడచిపోవుచున్నవి. పని ఇచ్చువాడు డబ్బు ఇచ్చునే గాని అడుగడన్న ఒక్క వాక్యమును ప్రతి పుట నెత్తిన అచ్చువేసినను తప్పు లేదు.

ఇచ్చటనే సైటు నడుపువారి స్వభావము పరీక్షకు వచ్చును. రచయితల వద్ద సొమ్ము పుచ్చుకొని పుస్తకములు వేయు సంస్థల ప్రకటనలతో నడచు సైటు, ఆ సంస్థలను గురించి హెచ్చరింపజాలదు. తన శిక్షణ తరగతులను అమ్ముకొను సైటు, పత్రికలు మూతపడుచున్నవని మనస్ఫూర్తిగా చెప్పజాలదు. విరాళములతో నడచునది నిజము చెప్పగలదు కాని, నడపు ఒక్కరిద్దరు అలసిపోయిన నాడు ఆగిపోవును. రచయితలే ఏడాదికి స్వల్పమైన చందా వేసికొని, ఒక మనిషికి సగము కాలపు జీతమైనను ఇచ్చి, ఈ సరిచూచు పనిని అప్పగించుట నాకు అన్నింటికంటె ఆచరణయోగ్యముగా తోచుచున్నది. చందా అనగానే ముఖము చిట్లించువారు తమ పారితోషికము ఎక్కడ ఆగినదో ఒకసారి ఆలోచించుకొందురు గాక.

ఆరంభమునకు పెద్ద హంగులు అక్కరలేదు. నేడు నిశ్చయముగా వెలువడుచున్న పది తెలుగు పత్రికలను ఎన్నుకొని, వానిలో అచ్చయిన వ్యాసముల తీరును గమనించి, ప్రతి సంపాదకవర్గమునకు ఏడాదికి రెండుమారులు ఒకే ప్రశ్నావళిని పంపవలెను: బయటివారి వ్యాసములను స్వీకరింతురా, ఎన్ని పదములు, ఏ ఫాంటు, ఎన్ని వారములలో తెలియజేయుదురు, ఎంత చెల్లింతురు, ఎప్పుడు చెల్లింతురు. సమాధానము పంపినవారి మాటలను ఉన్నవున్నట్లు పెట్టవలెను. పంపనివారి పేరు ఎదుట, నిందావాక్యమేదియు చేర్చక, ప్రశ్నావళి పంపిన తేదీని వేసి, ఇంతవరకు సమాధానము రాలేదని వ్రాసిన చాలును. రెండవ సంవత్సరమునకు వారిలో సగముమందియైనను తామే వ్రాయుదురని నా నమ్మకము.